కయోటీ వేటకు బ్యారెల్ ముందా, బుల్లెట్ ముందా?

క్లుప్తంగా: ఉత్తర అమెరికాలో కనిపించే నక్కలాంటి జంతువు కయోటీ. దాని వేటలో గురి తప్పడానికి తుపాకీ ఖరీదు కన్నా పెద్ద కారణం బ్యారెల్‌లోని మెలికకూ (బుల్లెట్‌ను తిప్పే లోపలి గాడుల మలుపుకూ), వాడే బుల్లెట్ పొడవుకూ పొత్తు కుదరకపోవడం. ముందు బుల్లెట్‌ను ఎంచుకుని, దానికి సరిపోయే మెలిక ఉన్న బ్యారెల్‌ను చూడటం సరైన వరస. బ్యారెల్ ఇప్పటికే చేతిలో ఉంటే దాని మెలిక కొలిచి, దానికి నప్పే తూటాలే (గొట్టం, తుపాకీ మందు, ముందు బుల్లెట్ కలిసినవి) కొనాలి. 300 గజాల దాకా గ్రూప్ సైజు (కాగితం మీద రంధ్రాలు పరుచుకున్న వెడల్పు) కన్నా గాలి అంచనాలో జరిగే పొరపాటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఈ వేటలో అక్కరకొచ్చేది చల్లటి బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి తూటా ఒక్కటే, కాబట్టి పరీక్ష కూడా దానికే పెట్టాలి.

అమెరికాలో తుపాకుల దుకాణానికి వెళ్లి .223 రెమింగ్టన్ తూటాలు అడిగితే ఒకే అరలో 35 గ్రెయిన్ల బుల్లెట్ ఉన్న పెట్టె నుంచి 77 గ్రెయిన్ల పెట్టె దాకా కనిపిస్తాయి. గ్రెయిన్ అంటే గ్రాములో పదిహేనో వంతు కన్నా కొంచెం తక్కువ. 55 గ్రెయిన్ల బుల్లెట్ మూడున్నర గ్రాములు తూగుతుంది. ఆ పెట్టెలన్నిటి మీదా ఉన్నది ఒకే పేరు. అన్నీ ఒకే తుపాకీలో ఇముడుతాయి, అన్నీ పేలతాయి. కానీ ఒక బ్యారెల్ నుంచి అందులో కొన్ని మాత్రమే సూటిగా ఎగురుతాయి. ఈ సంగతి పెట్టె మీద చాలాసార్లు రాసి ఉండదు.

గత కొన్నేళ్లలో గందరగోళం ఇంకా పెరిగింది. తాతల నాటి రైఫిళ్లు నెమ్మది మెలికతో ఉంటే, 2020లో వచ్చిన 6 ఎంఎం ఏఆర్‌సీ, 2024లో వచ్చిన .22 ఏఆర్‌సీ వంటి కొత్త తూటా రకాలు మొదటి నుంచీ పొడవాటి బుల్లెట్ల కోసం, బిగువైన మెలికతో తయారయ్యాయి. కొత్త తరం బుల్లెట్ల గొప్పలు విని పాత బ్యారెల్‌లో వాడినవారికి లక్ష్యం చుట్టూ చెల్లాచెదురుగా రంధ్రాలు కనిపిస్తాయి. తప్పు తుపాకీదీ కాదు, తూటాదీ కాదు, జోడీది.

లక్ష్యం నిజంగా ఎంత

కయోటీ నక్కకూ తోడేలుకూ మధ్య సైజు జంతువు. చాలా వరకు 9 నుంచి 20 కిలోల లోపే ఉంటుంది. చలికాలపు దట్టమైన బొచ్చు వల్ల ఉన్నదానికన్నా లావుగా కనిపిస్తుంది. బొచ్చు తీసేసి చూస్తే గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు 5, 6 అంగుళాలకు మించదు. గురి పెట్టే మనిషి మనసులో ఉండాల్సింది కనిపించే ఆకారం కాదు, ఆ సాసరంత చోటు.

వయోమింగ్, మోంటానా, నెబ్రాస్కా, టెక్సాస్ వంటి రాష్ట్రాల్లో గొర్రెపిల్లలనూ లేగదూడలనూ కాపాడుకోవడానికి ఒకరు, చలికాలపు తోలు కోసం మరొకరు ఈ వేటకు దిగుతారు. కుందేలు అరుపును పోలిన కూత వినిపించి కయోటీని రప్పించడం ప్రధాన పద్ధతి. అది గాలి వాసన పట్టుకోవడానికి చుట్టు తిరిగి వచ్చి, ఒకటి రెండు సెకన్లు ఆగుతుంది. ఆ ఆగిన క్షణంలో ఒక్క తూటా. తగలకపోతే రెండోది పరుగెత్తే జంతువు మీదకే. రోజంతా కూర్చుని ప్రెయిరీ డాగ్‌లనే చిన్న బొరియ జంతువుల మీద వందల తూటాలు కాల్చే వేటకూ దీనికీ అసలు పోలిక లేదు. అయినా రెండింటికీ ఒకే తుపాకీ సలహా ఇచ్చేస్తుంటారు. బరువైన బ్యారెల్ కొనుక్కుని కొండలెక్కలేక అవస్థ పడేవారు చాలామంది ఆ సలహా బాధితులే.

మెలిక: బొంగరం లెక్క

బ్యారెల్ లోపల గాడులు సర్పిలంగా చెక్కి ఉంటాయి. వాటి వల్లే బుల్లెట్ తిరుగుతూ బయటికి వస్తుంది. 1:8 అంటే 8 అంగుళాల ప్రయాణంలో ఒక పూర్తి చుట్టు. 1:14 అంటే 14 అంగుళాలకు ఒక చుట్టు. రెండో అంకె తగ్గేకొద్దీ మెలిక బిగువు.

బొంగరం బాగా తిరుగుతున్నంతసేపూ ముల్లు మీద నిలబడుతుంది, వేగం తగ్గితే తూలుతుంది. బుల్లెట్ సంగతీ అంతే. ఎదురుగాలి దాని ముక్కును పక్కకు తోస్తుంటుంది. తగినంత భ్రమణం ఉంటే ముక్కు మళ్లీ దారిలోకి వస్తుంది. పొడవు పెరిగేకొద్దీ ఆ తోపుకు దొరికే మీటపట్టు పెరుగుతుంది, కాబట్టి ఎక్కువ తిప్పాలి. ఇక్కడ నిర్ణయించేది పొడవు, బరువు కాదు. దుకాణాల్లో సౌలభ్యం కోసం ‘ఇన్ని గ్రెయిన్లకు ఇంత మెలిక’ అని చెబుతారు గానీ, ఆ లెక్క సీసం కడుపున్న మామూలు బుల్లెట్లకే సరిపోతుంది. పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్ అదే బరువుకు సీసం బుల్లెట్ కన్నా పొడవుగా ఉంటుంది, ఎందుకంటే రాగి తేలిక. అందువల్ల 55 గ్రెయిన్ల సీసం బుల్లెట్‌కు చాలిన బ్యారెల్ 55 గ్రెయిన్ల రాగి బుల్లెట్‌కు చాలకపోవచ్చు.

బ్రిటిష్ గణితవేత్త జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చేతివేళ్ల మీద లెక్కకు పనికొస్తుంది. బుల్లెట్ వ్యాసం వర్గాన్ని దాని పొడవుతో భాగించి 150తో గుణించాలి. వేగం సెకనుకు 2,800 అడుగులు దాటితే 180తో గుణిస్తారు. .223, .22-250 తూటా రకాలు రెండింటి బుల్లెట్ వ్యాసం 0.224 అంగుళాలే. కాబట్టి ఆ లెక్క చివరికి చాలా తేలికవుతుంది: 9ని బుల్లెట్ పొడవుతో (అంగుళాల్లో) భాగిస్తే కావలసిన మెలిక వస్తుంది. 0.7 అంగుళాల పొట్టి బుల్లెట్‌కు దాదాపు 13, అంటే 1:12 బ్యారెల్ హాయిగా చాలు. 1.1 అంగుళాల పొడవుండే 75 గ్రెయిన్ల మ్యాచ్ (గురి పోటీల) బుల్లెట్‌కు 8.2, అంటే 1:8 కావాలి. ప్లాస్టిక్ మొన ఉన్న బుల్లెట్ల విషయంలో ఈ సూత్రం కొంచెం అతిజాగ్రత్త చూపుతుంది. మొన పొడవును పెంచుతుంది గానీ దానికి బరువు ఉండదు. 0.8 అంగుళాల పైచిలుకు ఉండే 55 గ్రెయిన్ల వి-మ్యాక్స్ అనే బుల్లెట్ సూత్రం ప్రకారం 1:11 అడిగినా, 1:12లో చక్కగా ఎగరడానికి అదే కారణం.

చలి ఈ లెక్కను మార్చేస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ నుంచి మైనస్ 20కి దిగితే గాలి సాంద్రత సుమారు 16 శాతం పెరుగుతుంది. ముక్కును తోసే బలం అంత పెరిగినట్టే. అమెరికా సైన్యం ఏఆర్-15 రైఫిల్‌ను తొలిసారి పరీక్షించినప్పుడు దాని మెలిక 1:14. అతిశీతల వాతావరణంలో గురి చెదరడంతో దాన్ని 1:12కి బిగించారు. తర్వాత ఎం16ఏ2 అనే సైనిక రైఫిల్‌కు 1:7 పెట్టడం వెనక ఉన్నది వెలుగు చిమ్ముతూ వెళ్లే పొడవాటి ట్రేసర్ బుల్లెట్. కయోటీ వేట జోరుగా సాగేది డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. సెప్టెంబరు ఎండలో అంచు మీద నిలబడిన జోడీ, ఉదాహరణకు 1:9 బ్యారెల్‌లో 75 గ్రెయిన్ల బుల్లెట్, జనవరి తెల్లవారుజామున అంచు దాటి పడిపోవచ్చు.

మెలిక ఎంతో తెలియకపోతే బ్యారెల్ మీద ముద్ర వెతకాలి, లేదంటే కొలవాలి. తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, పిడి దగ్గర బేరింగ్ ఉన్న శుభ్రపరిచే కడ్డీకి బిగుతుగా గుడ్డ చుట్టి బ్యారెల్‌లోకి నెట్టాలి. గుడ్డ గాడులను పట్టుకున్నాక కడ్డీ మీద పైవైపు ఒక గీత పెట్టి, బ్యారెల్ చివర ఆనుకున్న చోట ఇంకో గుర్తు పెట్టాలి. నెమ్మదిగా తోస్తుంటే కడ్డీ తిరుగుతుంది. పైగీత మళ్లీ పైకి వచ్చేసరికి కడ్డీ ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్లిందో అదే మెలిక. గుడ్డ జారితే కొలత తప్పుతుంది కనుక మూడుసార్లు కొలిచి సరిచూసుకోవడం మంచిది.

చాలని మెలికను కాగితం పట్టిస్తుంది. 25, 50 గజాల దగ్గర పెట్టిన కాగితం మీద గుండ్రటి రంధ్రం పడాలి. రంధ్రం తాళంచెవి కన్నంలా సాగి, బుల్లెట్ పక్క ఆకారం అచ్చు పడితే అది అడ్డం తిరిగి ఎగిరినట్టు. మరీ అంతదాకా రాకపోయినా, రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో ఉంటే ఆ తూటాను అక్కడితో వదిలెయ్యాలి.

మరీ ఎక్కువ తిప్పినా చిక్కే

అలాగని అందరూ 1:7 కొంటే సరిపోతుందా? బుల్లెట్ భ్రమణ వేగానికి లెక్క ఇది: సెకనుకు అడుగుల్లో వేగాన్ని 720తో గుణించి మెలికతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. సెకనుకు 3,240 అడుగులతో 1:12 నుంచి వెళ్లే బుల్లెట్ నిమిషానికి 1,94,400 చుట్లు తిరుగుతుంది. అదే వేగంతో 1:7 నుంచి వెళితే 3,33,000 దాటుతుంది. చిన్న జంతువుల మీద తక్షణం పగిలిపోవడానికి పల్చటి తొడుగుతో చేసిన బుల్లెట్లు అంత తిప్పుడును తట్టుకోలేక గాల్లోనే విచ్చిపోతాయి. హోర్నడీ కంపెనీ ఎస్‌ఎక్స్ రకం ఇలాంటిదే. దాన్ని సెకనుకు 3,500 అడుగులు దాటించవద్దని తయారీదారే చెబుతాడు. లక్షణం విచిత్రంగా ఉంటుంది: తూటా పేలుతుంది, బ్యారెల్ ముందు బూడిదరంగు పొగచార కనిపిస్తుంది, కాగితం మీద రంధ్రమే ఉండదు. గురి ఎటో తప్పిందనుకుని స్కోపు (గురి చూసే దుర్భిణి) తిప్పడం మొదలుపెడితే ఇక అంతే.

వి-మ్యాక్స్, నోస్లర్ బాలిస్టిక్ టిప్, సియెర్రా బ్లిట్జ్‌కింగ్ వంటివి మామూలుగా 1:8ను ఇబ్బంది లేకుండా తట్టుకుంటాయి. .223కు కొత్త బ్యారెల్ కొంటుంటే 1:8 అన్నిటికన్నా వెసులుబాటు ఇస్తుంది. 40 నుంచి 77 గ్రెయిన్ల దాకా దుకాణంలో దొరికే వాటిలో చాలా భాగం అందులో పనిచేస్తాయి. 1:9 ఉన్నవారు 69 గ్రెయిన్ల దగ్గర ఆగితే నిశ్చింత.

.22-250 కథ వేరు. 1915 నాటి .250 సావేజ్ గొట్టం మూతిని కుదించి వేటగాళ్లు సొంతంగా చేసుకున్న ఈ రకాన్ని రెమింగ్టన్ 1965లో ఫ్యాక్టరీ తూటాగా తెచ్చింది. అప్పటి బుల్లెట్లు 50, 55 గ్రెయిన్లవే కాబట్టి 1:14 మెలిక పెట్టారు, దశాబ్దాల పాటు అదే నిలిచిపోయింది. ఆ పాత రైఫిల్ 55 గ్రెయిన్లతో ఈనాటికీ అద్భుతంగా కొడుతుంది. దాంట్లో 70 గ్రెయిన్లు పెట్టడం మాత్రం అనవసరమైన ఖర్చు.

గాలి ముందు అంగుళాల లెక్క

100 గజాల దగ్గర అంగుళం గ్రూప్ కొట్టే రైఫిల్ 300 గజాల దగ్గర మూడు అంగుళాల వలయంలో కొడుతుంది. అంటే మధ్య నుంచి అటూ ఇటూ ఒకటిన్నర అంగుళం. అర అంగుళం గ్రూప్ కొట్టే ఖరీదైన రైఫిల్‌తో అది ముప్పావు అంగుళానికి తగ్గుతుంది. రెండింటి మధ్య లాభం ముప్పావు అంగుళమే.

ఇప్పుడు గాలి సంగతి. గంటకు 10 మైళ్ల అడ్డగాలిలో 300 గజాల దగ్గర, సెకనుకు 3,240 అడుగులతో బయల్దేరిన .223 వి-మ్యాక్స్ 55 గ్రెయిన్లు సుమారు 11 అంగుళాలు పక్కకు జరుగుతుంది. 3,800 అడుగులతో వెళ్లే .22-250లో 50 గ్రెయిన్ల బుల్లెట్ 9 అంగుళాలు, 3,900 అడుగుల .204 రూగర్ 40 గ్రెయిన్లు 8 కన్నా కాస్త తక్కువ. వీటన్నిటికన్నా నెమ్మదిగా, 2,790 అడుగులతో వెళ్లే .223 మ్యాచ్ బుల్లెట్ 75 గ్రెయిన్లు మాత్రం సుమారు 7 అంగుళాలే జరుగుతుంది. కారణం బాలిస్టిక్ కోఎఫిషియెంట్. గాలిని చీల్చుకుపోయే గుణానికి అది కొలత. 55 గ్రెయిన్ల దానికి 0.255, 75 గ్రెయిన్ల దానికి 0.467. గాలి బుల్లెట్‌ను పక్కకు తోసేది అది దారిలో కోల్పోయిన సమయాన్ని బట్టి. వేగంగా బయల్దేరడం ఒక్కటే చాలదు, ఆ వేగాన్ని నిలుపుకోవాలి.

గాలిని గంటకు 5 మైళ్లు తక్కువ అంచనా వేస్తే 55 గ్రెయిన్ల .223 బుల్లెట్ అయిదున్నర అంగుళాలు తప్పుతుంది, కయోటీ కడుపులోకి దిగుతుంది. 75 గ్రెయిన్లది మూడున్నర అంగుళాలే తప్పుతుంది. గ్రూప్‌లో ముప్పావు అంగుళం కోసం వేల డాలర్లు పోసేవారు ఈ రెండు అంగుళాల తేడాను ఒక్కసారి తూకం వేసి చూడాలి.

అయితే కూతకు వచ్చే కయోటీల్లో ఎక్కువ భాగం 200 గజాల లోపే ఆగుతాయి. ఆ దూరంలో గాలి తేడా సగానికి సగం తగ్గిపోతుంది, వేగమైన తేలిక బుల్లెట్ చదునైన దారి సాయపడుతుంది. 200 గజాలకు గురి సరిచేస్తే పై 55 గ్రెయిన్ల .223 తూటా 100 దగ్గర ఒకటిన్నర అంగుళానికి లోపే పైన ఉంటుంది, 300 దగ్గర సుమారు 7 అంగుళాలు కిందికి దిగుతుంది. .22-250 అయితే 300 దగ్గర 5 అంగుళాల దిగుడు. దూరం అంచనా వేసే తీరిక లేని వేటలో ఆ రెండు అంగుళాలు చిన్నవి కావు. పొదలున్న టెక్సాస్ నేలకు తేలిక, వేగం. చెట్టు కనిపించని నెబ్రాస్కా, వయోమింగ్ మైదానాలకు పొడవు, బిగువు మెలిక. ఎంపిక నేలను బట్టి మారాలి.

.204 (2004) బొచ్చుకు తక్కువ నష్టం చేస్తుంది, తన్నుడు దాదాపు లేనంత తక్కువ కాబట్టి తూటా తగలడం స్కోపులోనే కనిపిస్తుంది. .243 విన్‌చెస్టర్ (1955) గాలికి నిలుస్తుంది గానీ తోలును చించేస్తుంది. పశువుల రక్షణే పని అయితే .243కి అభ్యంతరం లేదు.

తగిలాక ఏం జరగాలి

బుల్లెట్ లోపలికి వెళ్లి, ఛాతీలోనే విచ్చుకుని, అవతలికి రాకుండా ఆగితే జంతువు అక్కడికక్కడే పడిపోతుంది, తోలులో చిన్న రంధ్రం ఒకటే మిగులుతుంది. ఇది దెబ్బతినే దారులు రెండు. ఒకటి, 35–40 గ్రెయిన్ల పల్చటి బుల్లెట్ మహావేగంతో భుజం ఎముకను తాకి పైపైనే పగిలిపోవడం. బయట అరచేతి వెడల్పు గాయం, లోపల ఊపిరితిత్తులు క్షేమం. కయోటీ ఆ గాయంతో పారిపోయి రోజుల తరబడి నరకం అనుభవిస్తుంది. రెండోది దీనికి పూర్తిగా ఎదురు: మొన దాకా లోహపు తొడుగున్న ఫుల్ మెటల్ జాకెట్ బుల్లెట్ విచ్చుకోకుండా సూదిలా దూసుకుపోవడం. తోలు చెడదని వీటిని వాడేవారున్నారు. జంతువు ఎంతదూరం పరుగెత్తి చస్తుందో చెప్పలేం, రాయిని తాకితే బుల్లెట్ ఎటు ఎగిరిపడుతుందో అసలే చెప్పలేం. పశువులు మేసే చోట ఈ బుల్లెట్ వాడకూడదు. 50–55 గ్రెయిన్ల ప్లాస్టిక్ మొన బుల్లెట్లు ఈ రెండు చిక్కులకూ మధ్యలో నిలబడతాయి. అందుకే ఇన్నేళ్లుగా వాటి పేరే ముందు వినిపిస్తుంది.

75, 77 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్లు కాగితం కోసం తయారైనవి. గాలికి నిలుస్తాయి, చాలాసార్లు బాగానే చంపుతాయి, కానీ లోపల విచ్చుకునే తీరు ప్రతిసారీ ఒకేలా ఉండదు, అవతలి వైపు తోలు చిరుగుతుంది.

కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వన్యజంతువు వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. కళేబరాల్లోని సీసం ముక్కలు తిని కాండర్ రాబందులు విషమెక్కి చనిపోవడమే ఆ చట్టానికి మూలం. అక్కడ హోర్నడీ ఎన్‌టీఎక్స్ 35 గ్రెయిన్లు, రాగి-తగరం పొడి కడుపున్న బార్న్స్ వార్మింట్ గ్రెనేడ్ 36 గ్రెయిన్లు వంటివి దారి చూపుతాయి. అంకె చిన్నదని పొట్టివనుకోకూడదు. పెట్టె కొనేముందు పొడవు కనుక్కుని 9ని దాంతో భాగించి చూసుకోవాలి.

బ్యారెల్‌లో చూడాల్సినవి

పొడవాటి బ్యారెల్ సూటిగా కొడుతుందన్నది పాత నమ్మకం. పొడవు ఇచ్చేది వేగం. .223లో అంగుళం తగ్గితే సెకనుకు సుమారు 25 అడుగుల వేగం పోతుంది. 24 నుంచి 16కు వస్తే 200 అడుగులు. మందం ఒకటే అయినప్పుడు పొట్టి బ్యారెల్ తక్కువ వంగుతుంది, కంపనం తక్కువ. బండిలోంచి దిగి మంచులో నడిచే వేటకు .223లో 18–20 అంగుళాలు, తుపాకీ మందు ఎక్కువ పట్టే .22-250లో 22–24 సరిపోతాయి.

లావు బ్యారెల్ చేసే మేలు నెమ్మదిగా వేడెక్కడం. రెండు మూడు తూటాలతో ముగిసే వేటలో ఆ మేలు పెద్దగా అక్కరకు రాదు, మధ్యస్థమైన మందం చాలు. బ్యారెల్ చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన ముందు పిడికి ఎక్కడా తగలకుండా తేలి ఉండటం మాత్రం తప్పనిసరి. ఒక కాగితం నోటును బ్యారెల్‌కూ పిడికీ మధ్య దూర్చి వెనక్కి లాగితే తూటా కూర్చునే గది దాకా ఆగకుండా పోవాలి. ఇక్కడ ఒక మోసం ఉంది. బల్ల మీద ఇసుక సంచిపై పెట్టినప్పుడు నోటు పోతుంది. మూడు కాళ్ల ఊతకర్ర మీద బరువు వాల్చినప్పుడు మెత్తటి ప్లాస్టిక్ పిడి వంగి బ్యారెల్‌ను తాకుతుంది. గురి రెండు అంగుళాలు జరిగిపోతుంది, కారణం అంతుపట్టదు. వేటలో వాడే ఊతం మీదే నోటు పరీక్ష చేయాలి.

బ్యారెల్ చివరి అంచు, అంటే క్రౌన్, బుల్లెట్ చివరిసారి తాకే చోటు. అక్కడ ఒక పక్క గీత పడితే వాయువు ఆ పక్కనుంచి ముందే బయటపడి బుల్లెట్ వెనక భాగాన్ని తోస్తుంది. బండి అడుగున దొర్లిన తుపాకీలో, మూతి వైపు నుంచి కడ్డీ వేసి రుద్దిన తుపాకీలో ఇదే ఎక్కువ. దూది ఉండను అంచు చుట్టూ తిప్పితే పోగు చిక్కుకునే చోటే గీత ఉన్న చోటు. తుపాకీ పనివాడు అంచును మళ్లీ చెక్కితే సమస్య తీరుతుంది, బ్యారెల్ మార్చక్కర్లేదు.

తూటా కూర్చునే గది విషయంలో పొరపాటు ప్రమాదకరం. సైన్యం వాడే 5.56 నాటో తూటా .223 గదిలో కూర్చుంటుంది గానీ, బుల్లెట్ గాడులను ముందే తాకి పీడనం పెరుగుతుంది. తూటా ప్రమాణాల సంస్థ సామీ ఈ జోడీని సురక్షితం కాని జాబితాలో ఉంచింది. .223 వైల్డ్ అనే గది రెండింటినీ తీసుకుంటూ గురినీ నిలుపుతుంది. ఏఆర్-15 కొనేవారికి అది మేలైన ఎంపిక. ఏఆర్-15 మేగజీన్‌లో 2.26 అంగుళాలు దాటిన తూటా ఇమడదు. 77 గ్రెయిన్ల దాకా చాలా రకాలు ఆ కొలతలో వస్తాయి, అంతకన్నా పొడవాటివి ఒక్కొక్కటిగా చేత్తో వేసుకోవాలి.

లోహం గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. స్టెయిన్‌లెస్ 416ఆర్ మ్యాచ్ బ్యారెళ్లకు వాడే ఉక్కు. క్రోమ్ పూత అరుగుదలకు తట్టుకుంటుంది గానీ, పూత మందం అంతటా ఒకేలా లేకపోతే గురి కొంచెం తగ్గుతుంది. .223 బ్యారెల్ వేల తూటాలు తట్టుకుంటే, మందు ఎక్కువ పట్టే .22-250 గొంతు అంతకన్నా చాలా ముందే కాలి అరుగుతుంది, వేడిమీద వరసగా కాల్చితే ఇంకా త్వరగా.

చట్టం

చాలా పశ్చిమ రాష్ట్రాల్లో కయోటీ వేట ఏడాది పొడవునా సాగుతుంది గానీ లైసెన్స్, రాత్రి వేట, లైట్ల నియమాలు ఎక్కడికక్కడ వేరు. అక్కడ ఉంటున్న తెలుగువారిలో చాలామంది గమనించని విషయం ఒకటుంది: హెచ్1బి వంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం కింద సాధారణంగా నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. స్నేహితుడి తుపాకీని ఒక్కసారి పట్టుకోవడానికి ముందే దీన్ని న్యాయవాదిని అడిగి తేల్చుకోవాలి. భారతదేశంలో వేటను నిషేధించే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి, ఈ వ్యాసంలోని లెక్కలేవీ ఇక్కడి నక్కలకు వర్తించవు.

పరీక్ష చలిలోనే, చల్లటి బ్యారెల్‌తోనే

మెలికకు సరిపోయే నాలుగు రకాల తూటాలు, ఒక్కో పెట్టె చొప్పున తెచ్చుకోవాలి. ఒక్కో రకంతో అయిదు తూటాల గ్రూప్‌లు రెండు, 100 గజాల దగ్గర. మూడు తూటాల గ్రూప్ అదృష్టం మీద చిన్నగా వస్తుంది. పది తూటాలు కలిపి చూస్తేనే నిజం బయటపడుతుంది. రకం మారినప్పుడు కొత్త తూటాలు రెండు మూడు ఖర్చు చేశాకే గ్రూప్ మొదలుపెట్టాలి, ఎందుకంటే వేరే మందు మసి మీద మొదటివి ఎటో పోతాయి. బ్యారెల్‌ను చేత్తో పట్టుకుంటే వెచ్చగా అనిపించినంతసేపూ ఆగాలి.

వీటిలో మెరుగైన రెండింటికి అసలు పరీక్ష. ఒక్కోదానికి ఒక కాగితం విడిగా పెట్టుకుని, వరసగా అయిదు రోజులు, రోజుకు ఒక్క తూటా. తెల్లవారుజామున, తుపాకీని బండిలో రాత్రంతా ఉంచి, వేటలో వాడే ఊతం మీంచే కాల్చాలి. అయిదు రోజుల అయిదు రంధ్రాలు ఎంత దగ్గరగా ఉన్నాయో అదే ఆ జోడీ నిజమైన గురి. వేడెక్కిన బ్యారెల్‌తో అర అంగుళం గ్రూప్ కొట్టి, చల్లటి మొదటి తూటా మాత్రం ప్రతిసారీ అంగుళంన్నర పైకి పోయే రైఫిళ్లు ఉన్నాయి. అలాంటిదానికి మొదటి తూటా ఎక్కడ పడుతుందో అక్కడికే స్కోపు సరిచేయాలి. పూర్తిగా శుభ్రం చేసిన బ్యారెల్ మొదటి తూటాను వేరే చోట పెడుతుంది, అందుకని శుభ్రం చేశాక రెండు మూడు కాల్చి, ఆ మసితోనే వేటకు తీసుకెళ్తారు. సైలెన్సర్ వాడేవారు అది బిగించే ఈ పరీక్షంతా చేయాలి, తీసినా పెట్టినా గురి జరుగుతుంది.

చలిలో వేగం పడిపోవడం కూడా ఈ పరీక్షలోనే తేలుతుంది. కొన్ని మందులు ఉష్ణోగ్రతను బట్టి పెద్దగా మారవు. వార్గెట్ అలా పేరుపడినది. మరికొన్ని మారతాయి. సొంతంగా తూటాలు నింపుకునేవారు వేసవిలో చేసిన లెక్కను చలికాలంలో క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి మళ్లీ చూడాలి, మందు పరిమాణాన్ని మాత్రం ఎప్పుడూ అచ్చయిన మాన్యువల్ నుంచే తీసుకోవాలి.

ఫలితం తేలాక ఆ పెట్టె మీద ఉన్న లాట్ (తయారీ విడత) నంబర్ రాసి పెట్టుకోవాలి. అదే పేరు, అదే బరువు, అదే రంగు పెట్టె అయినా లాట్ మారితే మందు మారి ఉండవచ్చు, గురి అంగుళం జరగవచ్చు. కుదిరితే ఆ లాట్‌లోనే రెండు చలికాలాలకు సరిపడా కొనేసుకోవాలి. కుదరకపోతే కొత్త పెట్టె తెరిచిన రోజు అయిదు తూటాలు కాగితానికి ఇచ్చాకే పొలంలోకి వెళ్లాలి.